పెరటి ముచ్చట్లు: వేపచెట్టు నీడలో ఏ పువ్వు పూస్తుంది?



పోయిన నెల కరివేపాకు తెగులు గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు, కొందరు ఫోన్ చేశారు. వాటిలో ఒక ఉత్తరం మాత్రం కరివేపాకు గురించి కాదు. కావలి వైపు ఒక పల్లె నుండి ఒక తల్లిగారు రాశారు. ఆమె ఇంటి ముందు రెండు వేపచెట్లు, పక్కన ఒక చింతచెట్టు ఉన్నాయట. మామగారు నాటినవి. వాటి కింద గులాబీ పెట్టారు, చామంతి పెట్టారు, బంతి నారు పోశారు. ఏదీ నిలవలేదు. కనకాంబరం ఒక్కటి ఏడాదిపాటు ప్రాణం ఉగ్గబట్టుకొని ఉండి చివరకు అదీ పోయింది. ఇప్పుడు పెద్దబ్బాయి "వీటి కింద గడ్డి కూడా మొలవదు, తుఫాను వస్తే ఇంటిమీద పడతాయి, కొట్టించేద్దాం" అంటున్నాడట. కట్టెల వ్యాపారి వచ్చి బేరం కూడా చేసి వెళ్లాడు. "అయ్యగారూ, నాకు మనసు ఒప్పడం లేదు. కానీ అబ్బాయికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. చెట్టు కింద బతికే పూలమొక్క ఏదైనా ఉంటే రాయండి" అని అడిగారు.

ఈ నెల పేజీ అంతా ఆ తల్లిగారికే. మిగిలినవారు ఓపికపట్టాలి.

నిజం చెప్పాలంటే నేనూ ఒకప్పుడు ఆ అబ్బాయి పక్షమే. ఈ ఊరికి బదిలీ అయి వచ్చినప్పుడు పాస్టరుగారి ఇంటి ఆవరణలో ఒక పెద్ద కానుగ, రెండు వేపలు, బావి పక్కన ఒక నేరేడు ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం కూడా ముంగిట్లో ఎండ పొడ పడేది కాదు. నాకు గులాబీల పిచ్చి. పన్నెండు అంట్లు కొనుక్కొచ్చి నాటాను. రెండో ఏటికి పన్నెండు ఎండు పుల్లలు మిగిలాయి. గులాబీకి రోజుకు ఆరు గంటల ఎండ కావాలని తెలిసి కూడా నాటాను చూడండి, తప్పు గులాబీది కాదు, కానుగదీ కాదు.

అప్పట్లో మా సంఘంలో ఒక యానాది అవ్వ ఉండేది. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట అడవిలో పుట్టిన మనిషి. 1970 ప్రాంతంలో అక్కడ రాకెట్ కేంద్రం కోసం భూమి తీసుకున్నప్పుడు ఆమె కుటుంబం ఇవతలికి వచ్చేసింది. చెట్టు పేరు, దుంప పేరు ఆమెను అడిగితే చాలు. నా ఎండు పుల్లలు చూసి ఏమీ అనకుండా పోయి, మరుసటి ఆదివారం కొంగున ముడివేసుకొని ఒక దుంప తెచ్చింది. ఎవరి పెరట్లోదో చెప్పలేదు. కానుగ కింద పెట్టమంది, పెట్టాను. వానలకు ఆకులు లేచాయి. ఒక్కొక్కటి జానెడుకు పైనే. పైన లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు, అడుగున వంగపండు రంగు. ఆకే ఇంత అందంగా ఉంటే ఇక పువ్వెందుకు అనుకున్నాను.

జనవరిలో ఆకులు పసుపు తిరిగి వాలిపోయాయి. ఫిబ్రవరికి నేలమీద గుర్తు కూడా లేదు. గులాబీలతో పాటు ఇదీ పోయిందనుకొని, మార్చిలో అక్కడే ఒక మల్లె నాటుదామని గునపంతో గుంట తీశాను. దుంప రెండు ముక్కలైంది. సరిగ్గా అప్పుడే అవ్వ గేటు తీసుకొని వచ్చింది.

"చంపితివా అయ్యా?"

"చచ్చిన దాన్నే తవ్వాను అవ్వా."

"చచ్చిపోలేదయ్యా, నిద్దరపోతా ఉండాది. నీ పిల్లోడు నిద్దరపోతా ఉంటే గునపం ఏస్తావా?"

ఆ ముక్కల కోతలకు బూడిద అద్ది, ఒక రోజు నీడలో ఆరనిచ్చి, తానే మళ్లీ పాతిపెట్టింది. ఆ ఏడు ఆకులే వచ్చాయి. మరుసటి ఏడు ఏప్రిల్ చివర, నేల కాలిపోతున్న రోజుల్లో, ఆకు లేదు, కాండం లేదు, మట్టిలోంచి నేరుగా పువ్వు లేచింది. తెల్లని రేకులు, మధ్యలో ఊదారంగు రేకు, మంచి పరిమళం. భూచంపకం అంటే అదే. ఆ రోజు నా భార్య పిల్లలందరినీ పిలిచి వంగి చూడమంది. నిలబడి చూస్తే కనబడే పువ్వు కాదది.

సహోదరీ, నీడలో పెరిగే మొక్కల గురించి నాకు తెలిసిన మొదటి పాఠం ఆ అవ్వ చెప్పిన నిద్ర సంగతి. ఇంగ్లండు వంటి చలి దేశాల్లో అడవి నేలమీద పెరిగే మొక్కలు మంచు కాలమంతా మట్టిలో పడుకుంటాయి. మంచు పోయి, పైనున్న చెట్లు ఇంకా ఆకు వేయకముందే, ఆ కొద్ది వారాల వెలుగులో ఆకు వేసి పూస్తాయి. మన నెల్లూరు తీరంలో మొక్కలకు శత్రువు చలి కాదు, ఎండ. జూన్ నుండి సెప్టెంబరు దాకా అప్పుడొక జల్లు, ఇప్పుడొక జల్లు. అసలు వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో. కాబట్టి మన నీడ మొక్కలు తొలకరికి లేచి, సంక్రాంతి దాకా ఆకులతో ఆహారం చేసుకొని, దాన్ని దుంపలో దాచుకొని, నాలుగైదు నెలలు పడుకుంటాయి. ఆ నాలుగైదు నెలల్లోనే మనం వాటిని చంపుతాం. కొందరు నాలాగా గునపంతో. ఎక్కువమంది నీళ్లతో. నిద్రపోయే దుంపకు రోజూ నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. మా ఇంట్లో ఇప్పుడు దుంప ఉన్న ప్రతి చోటా సున్నం పూసిన రాయి ఒకటి ఉంటుంది. ఆ రాయి దగ్గర మే చివరిదాకా ఎవరూ తవ్వరు, తడపరు.

నీడ మొక్క అంటే నాకు విలియం కేరీగారి సంగతి ఒకటి గుర్తొస్తుంది. బైబిలు అనువాదకుడిగా ఆయన మనకు తెలుసు. కానీ ఆయనకు మొక్కలంటే ప్రాణం. శ్రీరాంపూర్‌లో పెద్ద తోట పెంచారు, 1820లో వ్యవసాయ ఉద్యాన సంఘాన్ని ప్రారంభించారు. ఒకసారి ఇంగ్లండు నుండి విత్తనాల సంచి వచ్చింది. విత్తనాలు తీశాక అడుగున మిగిలిన మట్టిని కూడా పారెయ్యకుండా, నీడగా ఉన్న ఒక చోట దులిపారు. కొన్ని రోజులకు అక్కడ ఆయన చిన్ననాటి ఇంగ్లండు పచ్చికలో పూసే చిన్న డెయిజీ మొలిచింది. ఆయన సంతోషం ఉత్తరాల్లోకి ఎక్కింది, దాని మీద ఇంగ్లండులో ఒక కవి పద్యం కూడా రాశాడు. నాకు నచ్చింది పద్యం కాదు, ఆయన మట్టి దులపడానికి నీడ వెతకడం. 1823లో వరద వచ్చి ఆ తోటను ముంచేస్తే ఆయన మళ్లీ వేసుకున్నారు.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం.

మొదట చాగ. మన తీరపు మొక్క అంటే ఇదే. చిట్టడవిలో, ఉప్పు ఇసుక నేలలో, పొదల కింద పెరుగుతుంది. కత్తిలా నిలబడే మందమైన ఆకులు, వాటిమీద అడ్డంగా ముదురు చారలు. పూర్వం వింటి నారికి ఈ నార వాడేవారు. 1781 నుండి సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కల మీద పెద్ద గ్రంథం తయారుచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఈ నార గురించి రాశాడు. ఈ మొక్క శాస్త్రీయ నామంలో ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆయన చనిపోయాక ఆయన రాతప్రతిని శ్రీరాంపూర్‌లో అచ్చు వేయించింది మన కేరీగారే. నర్సరీలో స్నేక్ ప్లాంట్ అని కుండీలో పెట్టి అమ్మేది దీని ఆఫ్రికా చుట్టం. పట్నంలో వందలు పోసి కొనే మొక్కకు సొంత అన్న మన గట్టుమీద ఉంటే మేకలు తొక్కిపోతున్నాయి. దీనికి నిద్ర కూడా లేదు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. బోరు నీళ్లు కొంచెం ఉప్పైనా ఓర్చుకుంటుంది. వేరు పిలకను విడదీసి నాటండి. లేదంటే ఆకును నాలుగంగుళాల ముక్కలు కోసి, తలకిందులు కాకుండా ఇసుకలో గుచ్చండి. నెలలు పడుతుంది, విసుగుపడవద్దు.

రెండోది చెంగల్వకోష్టు. నిలువెత్తు పెరుగుతుంది. ఆకులు కాండం చుట్టూ మెట్లలా తిరుగుతూ పోతాయి. వానాకాలంలో కొసన ఎర్రని మొగ్గల గుత్తి వేసి, అందులోంచి రోజుకు ఒకటి రెండు చొప్పున తెల్లని పూలు విడుస్తుంది. ముడతలు పెట్టిన పట్టు గుడ్డలా ఉంటుంది రేకు. దీనికి తేమ కావాలి, ఉప్పునీరు పడదు. రొయ్యల చెరువులు దగ్గరైన ఊళ్లలో బావి నీళ్లు మారిపోయాయి కదా, అలాంటి చోట చూరు కింద తొట్టి పెట్టి వాన నీరు పట్టుకోండి, లేదా ఈ మొక్క జోలికి పోకండి. కాండాన్ని మూడు కణుపుల ముక్కలుగా కోసి పడుకోబెట్టి పలుచగా మట్టి కప్పినా వేరు పోసుకుంటుంది. ఒక మాట. దీని కుటుంబంలోదే ఇంకొక మొక్కను ఇన్సులిన్ మొక్క అని ఇంటింటా పెంచుతున్నారు. అది అమెరికా ఖండం నుండి వచ్చింది. పెంచుకోండి, తప్పులేదు. దాని ఆకు నమిలి షుగరు మాత్రలు మానేసిన ఒక పెద్దాయనను నేను ఆసుపత్రి మంచం దగ్గర చూశాను, అందుకే చెబుతున్నాను.

మే నెల పువ్వు మీకు తెలిసే ఉంటుంది. ఆకు లేకుండా ఒక్క కాడ లేచి, దాని మీద ఎర్రని బంతి. దగ్గరికెళ్లి చూస్తే ఆ బంతి అనేక చిన్న పూల కూర్పు. పుట్టిల్లు ఆఫ్రికా అయినా మన పాత బంగళాల్లో, మందిరాల ఆవరణల్లో చెట్ల కింద కనబడుతుంది. గడ్డ మెడ మట్టికి సమానంగా ఉండేలా పెడితే చాలు. పిల్లగడ్డలు పెడుతుంది, అడిగితే ఎవరైనా ఇస్తారు.

కంద కూడా నీడ మొక్కే. కూర కోసమే అనుకుంటాం గానీ, పాముపొడల కాడమీద గొడుగులా విప్పుకునే ఆ ఒక్క ఆకు వేపచెట్టు కింద ఎంత ఠీవిగా ఉంటుందో చూడండి. పువ్వు సంగతి మాత్రం వేరు. ఆకు రాకముందు వేసవి చివర వస్తుంది, చచ్చిన ఎలుక కంపు కొడుతుంది. ఆ కంపుకే పురుగులు, ఈగలు వచ్చి పరాగం మోస్తాయి. ఒక ఏడు శుక్రవారం ప్రార్థన కూటంలో మా పెద్దలు బల్లలన్నీ జరిపి ఎలుక కోసం వెతికారు. ఎలుక కిటికీ బయట నేను నాటిన కంద. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కిటికీకి దూరంగా నాటండి.

ఇంకొక మొక్క గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. అడవినాభి. అగ్నిశిఖ అని కూడా అంటారు. పొదల్లోంచి పాకి, ఆకు కొసలనే నులితీగలుగా చేసుకొని పైకెక్కుతుంది. పసుపు, ఎరుపు రేకులు మంటలా పైకి లేస్తాయి. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. తొలకరి తర్వాత మన తీరపు కంచెల్లోనూ పూస్తుంది. మన అడవి పూలలో దీనికి సాటి లేదంటాను. కానీ మొక్కంతా విషం, దుంప మరీ విషం. అందులోని కోల్చిసిన్ అనే పదార్థాన్ని కొద్ది మోతాదులో కీళ్లవాతానికి మందుగా వాడతారు, ఆ మందు కోసమే తమిళనాడులో దీన్ని పొలాల్లో పండించి గింజలు అమ్ముతారు. దుంప చూడడానికి మన గెనుసుగడ్డలా ఉంటుంది.

నా చిన్న కొడుక్కి అప్పుడు ఐదేళ్లు. వాన వెలిసిన సాయంత్రం, కంచె పక్కన మట్టి కొట్టుకుపోయి బయటపడిన దుంపను కడిగి, "అమ్మా, గెనుసుగడ్డ ఉడకేయవా" అని వంటింట్లోకి తెచ్చాడు. నా భార్య చేతిలోంచి కత్తి జారింది. నోట్లో పెట్టుకున్నావా అని అడిగితే లేదన్నాడు. చిన్నపిల్లల లేదనే మాటను ఎంతవరకు నమ్మాలి? వాణ్ణీ, ఆ దుంపనూ తీసుకొని మోటారు సైకిల్ మీద నెల్లూరు వెళ్లాం. ఈ విషం తిన్న వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, అప్పటికి ఆలస్యం కావచ్చు. డాక్టరుగారు రాత్రంతా ఉంచుకొని తెల్లవారి పంపించారు. వాడు నిజంగానే నోట్లో పెట్టుకోలేదు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను చేసిన ప్రార్థన ఇక్కడ రాయను.

ఇంటికి వచ్చి ఆ మొక్కను పీకేశానా అని అడుగుతారు. పీకలేదు. సమాధుల తోట వెనుక, మేకలు, పిల్లలు పోని ముళ్లకంచె లోపలికి మార్చాను. పిల్లలందరికీ పువ్వు చూపించాను, దుంప చూపించాను, పేరు చెప్పించాను. నా భార్య ఈ విషయంలో నాతో ఇప్పటికీ ఏకీభవించదు, ఆమె మాటే సరైనదేమో కూడా. చిన్నపిల్లలున్న ఇంట్లో మీరు మాత్రం నాటవద్దు. ఎవరైనా పొరపాటున తింటే ఉప్పునీళ్లు, చింతపండు రసం అంటూ ఇంట్లో కాలయాపన చేయకుండా, దుంప ముక్క చేతపట్టుకొని నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

నాటే పని చెబుతాను. మొదట నీడను కొలవండి. మధ్యాహ్నం పన్నెండింటికి చెట్టు కింద తెల్ల దుప్పటి పరచండి. దానిమీద ఎండ పొడలు అక్కడక్కడ పడుతుంటే పైన చెప్పినవన్నీ పెరుగుతాయి. ఒక్క పొడ కూడా లేకపోతే చాగ తప్ప ఇంకేదీ పెట్టకండి, లేదా కింది కొమ్మలు రెండు తీయించండి. రెండోది, చెట్టు కింద లోతుగా తవ్వవద్దు. చెట్టు వేళ్లు తెగుతాయి, మీ మొక్కకూ చోటు దొరకదు. తవ్వడానికి బదులు పైన పోయండి. చెరువు పూడిక మట్టి, మాగిన పశువుల ఎరువు, కుళ్లిన ఆకు కలిపి ఐదారు అంగుళాల మందం, మానుకు ఆనకుండా ఒక మూరెడు ఎడంగా. వేపాకు, కానుగాకు ఊడ్చి తగలబెడుతున్నారు చూడండి, అది ఆపండి. గుంటలో వేసి పేడనీళ్లు చల్లితే ఆరునెలల్లో నల్లని ఎరువవుతుంది. అడవిలో ఈ దుంపలన్నీ బతికేది ఆ ఆకు దుప్పటి కిందే. సర్వి ఆకు మాత్రం వద్దు, అది తొందరగా కుళ్లదు, కిందివాటిని లేవనివ్వదు. కోళ్లు కెలకకుండా మొదటి నెల తుమ్మకంప కప్పి ఉంచండి. భూచంపకం దుంప రెండంగుళాల లోతు, అడుగు ఎడం. అంతే.

దుంపలు ఎక్కడ దొరుకుతాయి? కడియం నర్సరీల్లో కొన్ని దొరకవచ్చు. కానీ మొదట ఇరుగుపొరుగును, పాత మందిరాల ఆవరణలను అడగండి. అడవికి పోయి తవ్వుకొస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. మన తీరంలో పాల, నేరేడు, అల్లి చెట్లతో ఏడాదంతా పచ్చగా ఉండే పొట్టి అడవి ఒకప్పుడు ఊరూరా ఉండేది. సర్వి తోటలకు, జామాయిల్‌కు, రొయ్యల గుంటలకు పోగా ఇప్పుడు శ్రీహరికోటలో బాగా మిగిలింది, అదీ లోపలికి ఎవరినీ పోనివ్వరు గనుక. బయట మిగిలిన పొదల్లో సుగంధిపాల వేరు కోసం, పిల్లిపీచర గడ్డల కోసం నేలంతా తవ్విపోస్తున్నారు. అవ్వ కూడా తవ్వేది. అయితే ఆమె తవ్విన గుంటలో వేరు మొదలు ఒకటి వదిలి, మట్టి కప్పి, కాలితో అదిమి గానీ లేచేది కాదు. "మళ్లీ వస్తా గదయ్యా" అనేది. ఆమె ప్రభువునందు నిద్రించి రెండేళ్లయింది.

ఇక అబ్బాయి సంగతి. తల్లీ, అతను అన్న రెండు మాటల్లో ఒకటి తప్పు, ఒకటి నిజం. గడ్డి మొలవదన్నది తప్పని పైన రాశాను. తుఫాను భయం మాత్రం నిజమే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను రాత్రి నేను పిల్లవాణ్ణి, చెట్లు విరుగుతున్న చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. కాబట్టి చెట్టెక్కే మనిషిని పిలిపించి, ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలు, ఎండు కొమ్మలు సెప్టెంబరు లోపల తీయించండి. మొదట్లో తొర్ర ఉందా అని గునపం మడమతో కొట్టి చూడమనండి. డొల్లగా మోగితే ఆ ఒక్క చెట్టు గురించి అబ్బాయి మాట వినవలసిందే. గట్టిగా మోగితే వ్యాపారికి బయానా తిరిగి ఇచ్చేయండి.

జూలై రెండో వారంలో మీ వైపు ఒక పెండ్లికి వస్తున్నాను. గోనెసంచిలో తడి ఇసుక పోసి చాగ పిలకలు నాలుగు, మే నెల గడ్డలు రెండు, అవ్వ ఇచ్చిన భూచంపకం ముక్క ఒకటి తెస్తాను. ఆకుల గుంట అప్పటికి మొదలుపెట్టి ఉంచండి. గుంట తవ్వే పని పెద్దబ్బాయికే అప్పగించండి, గొడ్డలి పట్టాలనుకున్న చేతులు కాసేపు పార పట్టుకుంటాయి.